ఒకావిడ గుండె సంగతి

స్టాఫ్ రూమ్, కిటికీ పక్క బల్ల

వదినకు,

నీ ఉత్తరం అందింది. అన్నయ్య స్వహస్తాలతో చేసిన పుస్తకాల అర ఒక పక్కకు ఒరిగిందనీ, అర తిన్నగానే ఉంది గోడే వంకరని ఆయన వాదిస్తున్నాడనీ చదివి, తరగతిలోకి వెళ్ళేదాకా నవ్వుకుంటూనే ఉన్నాను. మా పుట్టింటి తర్కం అంతే. తప్పెప్పుడూ గోడదే. అదే తర్కాన్ని నేను జీతం తీసుకుని పిల్లలకు చెబుతున్నాను, ఆయన ఉచితంగా నీకు చెబుతున్నాడు.

ఒక సంగతి అడగాలి. ఇంట్లో గుండె డాక్టరు ఉండగా వేరే ఎవర్నో అడగడమెందుకు? ఫోన్లో అడగొచ్చు కదా అంటావు. ఫోన్లో నువ్వు "బాగున్నావా" అంటావు, నేను "బాగున్నాను" అంటాను, పెట్టేస్తాం. కాపురానికొచ్చిన కొత్తలో నువ్వు పెట్టిన షరతు కాగితానికి మాత్రమే కదా: ఉత్తరంలో అబద్ధం రాయకూడదు, చెప్పడం ఇష్టం లేనిది రాయకుండా వదిలేయొచ్చు. ఇన్నేళ్ళలో ఇద్దరం ఆ మాట తప్పలేదు.

మా కాలేజీలో పాఠాలు చెప్పే ఒకావిడ ఉంది. నలభై దాటింది. కొన్నాళ్ళుగా పై అంతస్తుకు మెట్లెక్కితే ఎడమ దవడ లాగుతోంది. ఛాతీలో నొప్పేమీ లేదు. దవడే, అదీ కింది పన్ను దగ్గర. మెట్ల మలుపులో కిటికీ ఉంది. అక్కడ ఆగి బయటికి చూస్తున్నట్టు నటిస్తుంది. కాసేపటికి తగ్గిపోతుంది. పన్ను డాక్టరు పరీక్ష చేసి పంటికి ఏ రోగమూ లేదన్నాడు. ఆవిడకు నమ్మకం కుదరక ఇంకో పన్ను డాక్టరును వెతుక్కుని, పట్టుబట్టి ఆ పన్ను పీకించుకుంది. ఇప్పుడు పన్ను లేదు, నొప్పి మాత్రం అది ఉన్న చోటే వస్తోంది.

చివరికి మామూలు డాక్టరు ట్రెడ్‌మిల్ మీద నడిపించి, "తేడాగా ఉంది, అలాగని గట్టిగా చెప్పలేను, యాంజియోగ్రామ్ చేయించుకోండి" అన్నాడు. గట్టిగా చెప్పలేని దానికోసం గుండె దాకా గొట్టం వేయించుకోవాలా అని ఆవిడ సందేహం. ఏమంటావు?

నీ ఆడపడుచు


ఆసుపత్రి, ఓపీ గది

ఆడపడుచు గారి సముఖానికి,

కొరియర్లో పంపుతున్నాను, ఎందుకో నువ్వే ఆలోచించు.

మీ కాలేజీ ఒకావిడకు చెప్పు: పన్ను మెట్లెక్కదు. ఎక్కితే వచ్చి, ఆగితే పోయే నొప్పి ఒంట్లో ఎక్కడ పుట్టినా ముందు గుండెనే అనుమానించాలి. ఆడవాళ్ళకు అది ఛాతీలోనే రావాలని లేదు. దవడలో రావచ్చు, వీపులో రావచ్చు, ఉత్త ఆయాసంగా రావచ్చు. "గ్యాస్ అనుకున్నాం డాక్టరుగారూ" అంటూ ఆలస్యంగా వచ్చినవాళ్ళను చూసీ చూసీ ఆ గ్యాస్ అనే మాట మీదే నాకు కోపం వచ్చేసింది. పన్ను పీకించుకొచ్చిన మనిషి సంగతి మాత్రం ఇప్పుడే వింటున్నాను.

ట్రెడ్‌మిల్, ఈసీజీ తలుపు బయట చెవి పెట్టి వినడం లాంటివి. కొన్నిసార్లు లోపలి గొడవ స్పష్టంగా వినిపిస్తుంది, కొన్నిసార్లు గొణుగుడే వినిపిస్తుంది. అప్పుడు తలుపు తీసి చూడాలి. మణికట్టు దగ్గర, నాడి పట్టుకునే చోటే, చిన్న మత్తు సూది వేస్తాం. పెన్ను రీఫిల్ కంటే సన్నటి గొట్టాన్ని చేతి ధమనిలోంచి, భుజం మీదుగా, గుండెకు రక్తం తీసుకెళ్ళే నాళాల మొదలు దాకా పంపుతాం. నిద్రపుచ్చం. కుట్లు ఉండవు. నాళాల లోపల స్పర్శ తెలియదు కాబట్టి గొట్టం నడుస్తున్నట్టే తెలియదు. అక్కడ ఎక్స్‌రేకి కనిపించే మందు కాస్త వదిలితే, అప్పటిదాకా ఖాళీగా ఉన్న తెరమీద ఒక్కసారిగా చెట్టు మొలుస్తుంది. కొమ్మలు, రెమ్మలు, అన్నీ కొట్టుకుంటూ. ఎక్కడ కొమ్మ సన్నబడిందో అక్కడే ఆవిడ మెట్ల మలుపు ఉంటుంది. ఎన్నేళ్ళు చూశానో, ఆ చెట్టు మొలిచే క్షణం నాకు ఇప్పటికీ పాతబడలేదు.

డాక్టరు రాసిన మాత్రలు మానొద్దని చెప్పు. ఊరికే కూర్చున్నప్పుడు నొప్పి వచ్చినా, వచ్చింది ఆగకపోయినా, ఉత్తరాలూ కొరియర్లూ కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఈ వాక్యం ఆవిడకు గట్టిగా చదివి వినిపించు.

నీ వదిన


ఇల్లు, వంటింటి బల్ల

వదినకు,

చదివి వినిపించాను. ఆవిడ శ్రద్ధగా విన్నది, మాత్రలు వేసుకుంటోంది, కొత్త సందేహాలతో తిరిగొచ్చింది.

మొదటిది: గొట్టం వేశాక లోపల ఏమీ లేదని తేలితే? ఇంత గొడవా దేనికని అందరూ నవ్వరా? రెండోది దీనికి సరిగ్గా ఎదురు: చూస్తే ఏదో ఒకటి కనిపించకుండా ఉంటుందా? నలభై దాటిన ఏ గోడకు బీటలుండవు? కనిపించింది కదా అని అవసరం లేని చోట కూడా స్టెంటు పెట్టేస్తారేమో. మూడోది ఆవిడ సిగ్గుపడుతూ అడిగింది. మెలకువగా ఉండటం ధైర్యం కోసమంటారా, శిక్ష కోసమంటారా? తన గుండెను తానే తెరమీద చూసుకుంటూ పడుకోవడం ఊహించుకుంటేనే ఆవిడకు మెట్లెక్కినంత పనవుతోంది.

ఇక నాలుగోది సందేహం కాదు, షరతు. చేస్తే నువ్వే చేయాలట. నువ్వు వచ్చి చెయ్యి పట్టుకుంటే ఆ చెయ్యి ఇస్తుంది, లేకపోతే లేదు. ఇక్కడి పెద్దాసుపత్రిలో నీకు తెలిసినవాళ్ళు ఉన్నారు కదా, ఒక్కరోజు అనుమతి ఇవ్వరా? పరిచయం లేనివాళ్ళకు ఇంటి తాళమే ఇవ్వం, గుండె ఎలా ఇస్తాం?

మా ఆయన పక్కనుంచి "ఇంకా ఎంతసేపు రాస్తావ్?" అంటున్నారు. ఆయనకు ఒకావిడ సంగతి సగమే తెలుసు.

నీ ఆడపడుచు


ఇల్లు, వంకర అర పక్కన

ఆడపడుచుకు,

ఇక ఆవిడను కూర్చోబెట్టి మనమిద్దరం మాట్లాడుకుందాం. "బయటికి చూస్తున్నట్టు నటిస్తుంది" అని రాశావు. చూస్తోందో నటిస్తోందో నటించే మనిషికే తెలుస్తుంది గానీ పక్కవాళ్ళకెలా తెలుస్తుందమ్మా, తర్కం టీచరు గారూ? ఆ వాక్యం దగ్గరే నాకు తెలిసిపోయింది. ఫోన్ తీశాను. నువ్వు "బాగున్నాను" అంటావు, ఫోన్లో మనకు షరతు లేదు. అందుకే కాగితం తీశాను. షరతు తప్పలేదులే. మీ కాలేజీలో పాఠాలు చెప్పే ఒకావిడవే నువ్వు, కాదనలేను.

నీ సందేహాలు మంచివి. వాటిని చూసి నవ్వే డాక్టరు దగ్గరికి వెళ్ళకు.

ఏమీ లేదని తేలితే ఎవరూ నవ్వరు. లేదని తెలియడం కూడా తెలియడమే. ఆ జవాబు చెప్పి ఎంతోమందిని ఇంటికి పంపాను, ఒక్కరూ డబ్బు దండగని తిట్టలేదు. ఇక కనిపించిన ప్రతి బీటకూ సిమెంటు పూస్తారా అంటే, పూయకూడదు. కంటికి ఇరుకుగా కనిపించినా రక్తం హాయిగా వెళ్తున్న చోట్లుంటాయి. అనుమానం వస్తే వెంట్రుకంత తీగ ఒకటి ఉంది, దాని కొసన ఒత్తిడి కొలిచే సాధనం ఉంటుంది. దాన్ని ఇరుకు దాటించి, అవతల ఒత్తిడి ఎంత మిగిలిందో చూస్తాం. బాగానే మిగిలితే ఆ చోటు ముట్టుకోం. ప్రమాదం అసలుండదని రాస్తే షరతు తప్పినట్టే. చేతి మీద నీలం మచ్చ మామూలు. పక్షవాతం, గుండెపోటు లాంటివి అరుదు, కానీ ఉన్నాయి. నీ దవడను పట్టించుకోకుండా వదిలేయడంలో ఉన్న ప్రమాదం వాటికంటే చాలా పెద్దది.

మెలకువ సంగతి. ఒకప్పుడు గుండెలోకి గొట్టం పంపితే మనిషి చచ్చిపోతాడనే అనుకున్నారు. ఒక కుర్ర డాక్టరు, పెద్దలు వద్దన్నా వినకుండా, తన చేతి నరంలోంచి తనే గొట్టం దూర్చుకుని, దాంతోనే మెట్లు దిగి వెళ్ళి, గొట్టం గుండెలో ఉన్నట్టు ఎక్స్‌రే తీయించుకున్నాడు. మొదట చీవాట్లు తిన్నాడు. చాలా ఏళ్ళకు లోకం నెత్తిన పెట్టుకుంది. మీ అన్నయ్య అయితే వేలిలో ముల్లు తీయడానికి కూడా పక్కింటివాళ్ళను పిలుస్తాడు. ఆ కుర్రాడి లెక్కన మొట్టమొదట మెలకువగా ఉన్నది డాక్టరే. రోగిని మెలకువగా ఉంచేది మాతో మాట్లాడతాడని. నొప్పి ఎక్కడుందో మనిషి చెప్పగలిగితే, అంతకంటే మంచి యంత్రం మా గదిలో లేదు.

దానికి బదులుగా నా గదిలో ఒక నియమం పెట్టుకున్నాను. ఏది చేసినా ముందు రోగికి మాట చేరాలి, తర్వాతే చెయ్యి కదలాలి. అన్నిటికంటే కష్టమైన చోటు బెలూను. ఇరుకును తెరవడానికి లోపల చిన్న బెలూను ఉబ్బిస్తాం. ఆ కాసేపు రక్తం ఆగుతుంది, అసలు నొప్పే మళ్ళీ వస్తుంది. చెప్పకుండా ఉబ్బిస్తే మనిషి చావొచ్చిందనుకుంటాడు. అందుకని నేను ఒక మాట అంటాను: "మీకు తెలిసిన నొప్పే ఇప్పుడు వస్తుంది. తెచ్చేది మేమే, పంపేదీ మేమే." ఆ మాట తర్వాత ఎంత పెద్ద నొప్పి అయినా మనిషి ముఖంలో భయం తగ్గడం చూశాను.

తారీఖు తీసుకో. వాయిదా వేయకు.

నీ వదిన


స్టాఫ్ రూమ్

వదినకు,

దొరికిపోయినందుకు సిగ్గుగానూ ఉంది, హాయిగానూ ఉంది. మా ఆయనకు మొత్తం చెప్పేశాను. ఆయన నా మాత్రల డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టారు. తర్వాత, "ముందే చెబితే ఆ పన్నయినా మిగిలేది కదే," అన్నారు. ఆయన బాధపడే పద్ధతి అదీ.

తారీఖు తీసుకున్నాను. తర్వాత రద్దు చేసుకున్నాను. తిట్టే ముందు ఇది విను. నువ్వు నాలుగు పేజీలు రాశావు. ఎప్పుడో పోయిన డాక్టరు మెట్లు దిగిన సంగతితో సహా అన్నీ ఉన్నాయి. నేనడిగిన ఒక్కదానికి జవాబు లేదు. నువ్వు వస్తావా?

పాత ఉత్తరాలు తీసి చూశాను. ఒకప్పుడు నీ ఉత్తరాల మీద "ల్యాబ్ బయట బెంచీ", "ల్యాబ్, రెండు కేసుల మధ్య" అని ఉండేది, గొట్టాలు వేసే గదికి మీరు పెట్టుకున్న పేరు అదే కదా. ఈ ఏడాది అన్నీ ఓపీ గది నుంచో, ఇంటి నుంచో. "నేను ఒక మాట అంటాను" అని రాశావు గానీ, ఈమధ్య ఎవరితోనైనా అన్నావా? రాయడం ఇష్టం లేనిది వదిలేయొచ్చు, నిజమే. కానీ నువ్వు వదిలేసిన చోటే నేను చెయ్యి పెట్టి పడుకోవాలి.

నీ ఆడపడుచు


ఇల్లు, మంచం మీద

ఆడపడుచుకు,

మా ల్యాబ్‌లో ఒకావిడ ఉండేది.

మేము చేసే పని అంతా ఎక్స్‌రేల కింద కాబట్టి, మెడ నుంచి మోకాళ్ళ దాకా సీసపు కోటు వేసుకుంటాం. చంటిపిల్లను ఒంటికి కట్టుకున్నంత బరువుంటుంది. పిల్లైతే కాసేపటికి దింపుతాం. ఆవిడ ఉదయం వేసుకుంటే కేసులన్నీ అయ్యేదాకా దింపేది కాదు. నిలబడే, పక్కకు వంగే, మెడ తిప్పి తెర చూస్తూనే ఇన్నేళ్ళూ చేసింది. మెడలో ఒక డిస్కు జారింది, నడుములో ఒకటి. ఆవిడ కూడా నీలాగే చాలాకాలం కిటికీలోంచి చూస్తున్నట్టు నటించింది. చివరికి ఒకరోజు కేసు మధ్యలో కాలు తిమ్మిరెక్కి తూలితే, పక్కనున్న డాక్టరు గొట్టం అందుకున్నాడు. రోగికి ఏమీ కాలేదు. ఆవిడ ఆ సాయంత్రం కోటు విప్పి మేకుకు తగిలించింది. ఇక వేసుకోకూడదన్నారు. ప్రయాణం కూడా ఇప్పట్లో వద్దన్నారు.

మనవాళ్ళలో మీ అన్నయ్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. అర వంకరకు గోడను తిట్టే మనిషి, నా నడుముకు మాత్రం ఎవర్నీ తిట్టలేదు. రోజూ కాపడం పెడుతున్నాడు.

కాబట్టి రాలేను. "వస్తాను" అని రాసి నిన్ను ఒప్పించి, తర్వాత ఏదో సాకు చెబుదామని ఒక్క క్షణం అనుకున్నాను. షరతు నేనే పెట్టాను కదా, చెయ్యి సాగలేదు.

మీ ఊరి పెద్దాసుపత్రిలో నా దగ్గర పని నేర్చుకున్న డాక్టరమ్మ ఉంది. పిచ్చుక అనేవాళ్ళం. చిన్న మనిషి, స్టూలు వేసుకుంటే గానీ టేబులు అందదు. మంచి చేతులు. నా చేతులకంటే మంచివి, ఇది కాగితం మీద రాస్తున్నాను. ఇక్కడ నన్ను కొత్తవాళ్ళకు పాఠం చెప్పమంటున్నారు. వద్దంటూ వస్తున్నాను. కోటు వేసుకోలేనిదాన్ని ఏం నేర్పను? చేతుల్లో ఉండే పని నోటితో చెబితే వస్తుందా? నాకు నమ్మకం లేదు.

నా నమ్మకం లేమి నాకు ఉండనీ. నువ్వు వెళ్ళు. నేను పక్కన ఉండలేనని చెప్పడం కంటే, నువ్వు వెళ్ళలేదని వినడం నాకు కష్టం.

నీ వదిన


స్టాఫ్ రూమ్, మళ్ళీ కిటికీ పక్క బల్ల

వదినకు,

అంతా అయిన రోజే మా ఆయన నీకు ఫోన్లో చెప్పారని తెలుసు. "బాగైపోయింది" అని ఉంటారు. మిగతాది కాగితం మీద చెప్పాలని చెయ్యి కుదుటపడేదాకా ఆగాను.

నీ ఉత్తరం చదివాను. కోపం రాబోయింది, ఎవరి మీదో తెలియక ఆగిపోయింది. నువ్వు లేకుండా వెళ్ళనని పట్టుబడితే, వెళ్ళనిది నేను, బాధ నీకు. అది ఏ తర్కమూ కాదు. వెళ్ళాను.

ఆ గది చల్లగా ఉంది. గోడ పొడుగునా మేకులకు సీసపు కోట్లు వేలాడుతున్నాయి. వాటిని చూసి ముందు నీ నడుం గుర్తొచ్చింది, తర్వాతే నా గుండె. మా ఆయన తలుపు దాకా వచ్చి నాకు ధైర్యం చెప్పబోయి, తనే నర్సును అడిగి మంచినీళ్ళు తాగారు.

పిచ్చుక వచ్చింది. ముందు స్టూలు జరిగిన చప్పుడు, తర్వాత ముఖం.

"మీరేనా తర్కం చెప్పే మేడమ్?"

"ఎవరు చెప్పారమ్మా?"

"మా మేడమ్ ఫోన్ చేశారు. ప్రశ్నలు వేస్తే విసుక్కోకు, వేయడం మానేస్తే కంగారుపడు అన్నారు."

"అయితే అడుగుతాను. మీ చేతులు వణకవు కదా?"

"కాఫీ తాగకపోతే వణుకుతాయండీ. తాగే వచ్చాను."

సూది చీమ కుట్టినట్టు కుట్టింది. అయితే కుట్టక ముందే ఆ అమ్మాయి "ఇప్పుడు చీమ కుడుతుంది" అంది. చేతిలో మంట పుట్టక ముందే "కాస్త మండుతుంది" అంది. పెద్ద యంత్రం నా ముఖం మీదికి వంగక ముందే "ఇది దగ్గరికొస్తుంది, తగలదు" అంది. ప్రతిదానికీ మాట ముందు వచ్చింది, పని వెనకాల వచ్చింది. అప్పటికే నాకు అనుమానం మొదలైంది, వదినా, ఈ నడక నాకు తెలిసిన నడకలా ఉందని.

తెరమీద చెట్టు మొలిచింది. చూడనని ఒట్టు పెట్టుకున్నదాన్ని, కళ్ళు తిప్పుకోలేకపోయాను. నలభై ఏళ్ళకు పైగా నాకోసం కొట్టుకుంటున్న దాన్ని నేను ఒక్కసారైనా చూసిందీ లేదు, పలకరించిందీ లేదు. ముందువైపు పెద్ద కొమ్మ ఒక చోట నులిమినట్టు దారంలా ఉంది. నాకు కూడా కనిపించింది.

"ఇదేనండీ మీ మెట్ల మలుపు," అంది పిచ్చుక. ఆ మాట ఎక్కడ నేర్చుకుందో నేను అడగలేదు.

పక్క కొమ్మలో ఇంకో చోటు ఇరుకుగా ఉంది. అక్కడా స్టెంటు పెట్టేస్తుందనుకుని పళ్ళు బిగబట్టాను, ఉన్నవే అనుకో. ఆ అమ్మాయి ఆగి, "దీనిమీద నాకు అనుమానంగా ఉంది, కొలుద్దాం," అంది. నువ్వు రాసిన వెంట్రుకంత తీగ వెళ్ళింది. అంకె చూసింది. "రక్తం బాగానే వెళ్తోంది. దీన్ని ముట్టుకోను. మాత్రలు చాలు." వదినా, సందేహం నాలాంటి పిరికివాళ్ళ రోగమని ఇన్నాళ్ళూ అనుకున్నాను. దానికి కుర్చీ వేసి, కొలిచి, జవాబు చెప్పి పంపే గది ఒకటుందని తెలియదు.

తర్వాత ఆ దారంలాంటి చోటికి బెలూను వెళ్ళింది. అందరి చేతులూ ఆగాయి. పిచ్చుక స్టూలు దిగింది. నా చెవి దగ్గరికి వంగింది.

"మీకు తెలిసిన నొప్పే ఇప్పుడు వస్తుంది. తెచ్చేది మేమే, పంపేదీ మేమే."

నీ మాట. ఒక్క అక్షరం తేడా లేదు. ఆఖర్న గొంతు కాస్త దించడం కూడా నీదే. పరిచయం లేని మనిషి నోట్లోంచి నువ్వు మాట్లాడావు.

నొప్పి వచ్చింది. ఎక్కడో తెలుసా? దవడలో. లేని పన్ను దగ్గర. బెలూను ఉబ్బితే వచ్చింది, దించితే పోయింది. ఇన్నేళ్ళు తర్కం చెప్పాను, ఇంత శుభ్రమైన నిరూపణ చూడలేదు. నవ్వొచ్చింది. "ఏమైందండీ?" అని ఆ అమ్మాయి కంగారుపడింది. "పన్ను డాక్టరు గుర్తొచ్చాడు" అన్నాను. స్టెంటు పెట్టి గొట్టం తీసేశారు. మణికట్టుకు పట్టీ బిగించారు.

బయటికి తెచ్చే ముందు అడిగాను. "ఆ మాట మీ మేడమ్ ఎప్పుడు నేర్పారు?"

"నేర్పలేదండీ. పక్కన నిలబడి విన్నాను. ఇప్పుడు నా పక్కన నిలబడేవాళ్ళు కూడా అంటున్నారు."

కాబట్టి, డాక్టరు గారూ, నా సందేహం ఇది. చేతుల్లో ఉండే పని నోటితో చెబితే వస్తుందా అని అడిగావు. మరి నా టేబులు దగ్గర మాట్లాడింది ఎవరు? నీ నడుం సంగతి నాకు దాచినందుకు విడిగా దెబ్బలాడతాను, దానికి ఇంకో ఉత్తరం ఉంది.

ఈరోజు మొదటిసారి పై అంతస్తుకు ఎక్కాను, పిచ్చుక చెప్పినట్టు నెమ్మదిగా. దవడ ఊసే లేదు. కిటికీ దగ్గర అలవాటుగా కాళ్ళు ఆగాయి. ఆగాను కదా అని బయటికి చూశాను. అక్కడ చెట్లనుకున్నాను ఇన్నాళ్ళూ, వదినా. ఉన్నది ఒకటే చెట్టు.

నీ ఆడపడుచు


ఆసుపత్రి, ల్యాబ్, అద్దం ఇవతల

ఆడపడుచుకు,

పైన చోటు పేరు చూశావా? పాఠం చెప్పడానికి ఒప్పుకున్నాను. ఒప్పుకోకపోతే నువ్వు ఇంకో సందేహం రాస్తావని భయం.

అద్దానికి ఇవతల, కిరణాలు రాని గదిలో, వీపుకు దిండు పెట్టుకుని కూర్చుంటాను. కోటు అక్కర్లేదు. దిండు మీ అన్నయ్య కుట్టాడు. అది కూడా ఒక పక్కకు ఒరిగింది, నా నడుం వంకరకు సరిగ్గా సరిపోయింది. ఆయనకు ఈ మాట చెప్పకు, ఇక పట్టలేం.

ఇవాళ కొత్తగా చేరిన డాక్టరమ్మ మొదటిసారి బెలూను పంపింది. రోగి నీ వయసు ఆవిడే. ఇరుకు దగ్గరికి చేరాక ఆ అమ్మాయి చెయ్యి ఆపి, అద్దంలోంచి నా వైపు చూసింది. నా మాట లోపలికి వినిపించే మైకు నా ముందే ఉంది. నేను మీట నొక్కలేదు.

ఆ అమ్మాయి వంగి రోగి చెవి దగ్గర ఏదో చెప్పింది. అద్దం ఇవతలికి వినిపించలేదు. రోగి తలూపింది.

అప్పుడు బెలూను ఉబ్బింది.

నీ వదిన